ఇత్తడి పెన్ను: పైన పటారం తేలికే, లోన లొటారమే కష్టం

లేత్ (కడ్డీని తిప్పుతూ కోసే మిషను) మీద పెన్ను చేసే వీడియోలు చూస్తే పనంతా పైపైనే జరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఇత్తడి కడ్డీ గిర్రున తిరుగుతుంది, టూలు తగలగానే పసుపుపచ్చని రజను చిమ్ముతుంది, కాసేపటికి నడుము సన్నబడి ముక్కు తేలుతుంది. చివర్న పాలిష్ పెట్టాక అందులో మన మొహం కనబడుతుంది. డ్రిల్లు లోపలికి దిగే భాగం వచ్చేసరికి వీడియో తీసినవాళ్లే దాన్ని వేగంగా తిప్పేస్తారు. అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు మరి. కానీ లేత్ పనిలో చేయి తిరిగిన టర్నర్ దగ్గరికి వెళ్లి ఇత్తడి పెన్ను చేసిపెట్టమంటే ఆయన ముందు ఆకారం గురించి అడగరు. రీఫిల్ ఏది, హోల్ ఎంత లోతు, థ్రెడ్డు (మర) ఎక్కడ పడాలి అని అడుగుతారు.

పైన పటారం లోన లొటారం అని మనం ఎగతాళికి వాడే మాట ఈ పనిలో తిరగబడుతుంది. ఇక్కడ పటారం గంటలో అయిపోతుంది. లొటారాన్ని తిన్నగా తొలవడానికే ఓపికంతా కావాలి. పెన్ను బాగా కుదిరిందా, రాస్తుంటే లోపల టకటకమంటుందా, నాలుగు నెలలకే మర అరిగి వదులవుతుందా అన్నవన్నీ బయటికి కనబడని ఆ రంధ్రమే తేలుస్తుంది.

అందుకే కొలతలు లోపలి నుంచి బయటికి రావాలి. మొదట రీఫిల్ ఎంచుకోవాలి. ఎక్కువమంది పార్కర్ తరహా రీఫిల్‌నే తీసుకుంటారు. అది సుమారు 98 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్లకు మించని లావు. అంతర్జాతీయ ప్రమాణం ఉన్న సైజు కాబట్టి చాలా కంపెనీలు ఇదే కొలతకు చేస్తాయి, రేపు ఒకటి మూతబడ్డా ఇంకోటి దొరుకుతుంది. జెల్ రీఫిళ్ల విషయంలో ఈ ధీమా లేదు, వాటిలో చాలావాటి పొడవూ లావూ కంపెనీకొకటి. ప్రమాణం ఉందన్న పార్కర్ తరహాలోనూ ఒక కంపెనీ ముక్కుకూ ఇంకో కంపెనీ ముక్కుకూ వెంట్రుకవాసి తేడా వస్తుంది. కాగితం మీది కొలత నమ్మకుండా, కొన్న రీఫిల్‌నే వెర్నియర్‌తో మూడు నాలుగు చోట్ల కొలిచి ఆ అంకెల చుట్టూ పెన్ను గీసుకోవడం మేలు.

రీఫిల్ కూడా మనమే చేసుకోలేమా? లేము. బాల్‌పెన్ అసలు పనితనం దాని కొసన ఉంటుంది. లాస్లో బీరో 1938లో పేటెంటు తీసుకున్న ఆలోచన పైకి చిన్నదే: గుంటలో ఒక గుండు, వెనక చిక్కటి ఇంకు. ఆ గుండు ఒక మిల్లీమీటరు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. దాన్ని జారిపోకుండా పట్టుకుంటూనే తిరగనిచ్చే గుంటలో సందు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) ఉండాలి. ఏటా వేల కోట్ల పెన్నులు చేసే చైనా కూడా చాలాకాలం ఆ కొసకు పనికొచ్చే స్టీలును బయటినుంచే తెప్పించుకుంది. ఇంత ఉక్కు పోస్తూ పెన్ను మొన చేసుకోలేకపోతున్నామని 2016లో ఆ దేశ ప్రధాని లీ కెచియాంగ్ బహిరంగంగానే వాపోయారు. 2017 జనవరికి గానీ తైయువాన్ ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 2.3 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఆ స్టీలు తీగను తీశామని ప్రకటించలేదు. కాబట్టి చేత్తో చేసిన బాల్‌పెన్ అంటే రీఫిల్ మినహా మిగతాదంతా అని అర్థం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఫౌంటెన్ పెన్నులు చేసేవాళ్లలో చాలామంది పాళీని కొనే తెచ్చుకుంటారు.

ఫౌంటెన్ పెన్ను అనగానే మనవాళ్లకి రాజమండ్రి గుర్తొస్తుంది. స్వదేశీ పిలుపు విని కె.వి.రత్నం అక్కడ పెన్నులు మొదలుపెట్టింది 1932 ప్రాంతంలో. గాంధేయ ఆర్థికవేత్త జె.సి.కుమారప్ప చేతికిచ్చి పంపిన పెన్ను అందాక 1935లో గాంధీ రత్నానికి కృతజ్ఞతగా ఉత్తరం రాశారు. ఆ పెన్నులూ లేత్ మీదవే, కాకపోతే లోహం కాదు, ఎబొనైట్. అంటే గంధకం బాగా దట్టించి గట్టిపరిచిన రబ్బరు. టూలు కింద మెత్తగా తెగుతుంది, చేతికి వెచ్చగా ఉంటుంది, ఇంకుతో గొడవ పడదు. ఇంకో పెద్ద తేడా ఉంది. డ్రాపరుతో ఇంకు పోసుకునే పెన్నులో ఒళ్లే ఇంకు సీసా. లోపలి రంధ్రం కాస్త అటూ ఇటూ అయినా ఇంకు దానికి తగ్గట్టే సర్దుకుంటుంది, థ్రెడ్డు దగ్గర కారకపోతే చాలు. రీఫిల్ అలా సర్దుకోదు. లోహపు బాల్‌పెన్ పాత ఎబొనైట్ పెన్ను కన్నా మొండిదవ్వడానికి లోహం గట్టిదనం ఒక కారణం, ఈ సర్దుబాటు లేకపోవడం రెండో కారణం. నన్నడిగితే రెండోదే పెద్దది.

లోహం ఏది?

మొదటి పెన్నుకి ఇత్తడే. అందులోనూ ఫ్రీ కటింగ్ బ్రాస్ అని అడిగి తీసుకోవాలి, మన దేశంలో దీనికి ఐఎస్ 319 అని ప్రమాణం ఉంది. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల పన్నెండు మిల్లీమీటర్ల కడ్డీని అడుగుల లెక్కన కోయించుకోవచ్చు. ఈ రకంలో రెండు మూడు శాతం సీసం ఉంటుంది. సీసం ఇత్తడిలో కరిగి కలిసిపోదు, సన్నటి బొట్లుగా అక్కడక్కడా నిలిచి ఉంటుంది. టూలు కోసుకుంటూ పోతుంటే రజను ఆ బొట్ల దగ్గర పుటుక్కున విరిగిపోతుంది. పొడుగాటి చుట్టలు జాబుకి (లేత్‌కి బిగించిన ముక్కకి) చుట్టుకోవు, లోతైన రంధ్రంలో ఇరుక్కోవు. ఇదే సీసం వల్ల ఒక జాగ్రత్త కూడా ఉంది: పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించే అలవాటున్నవాళ్లకి, పిల్లలకి ఈ ఇత్తడి పెన్ను ఇవ్వొద్దు.

ఇత్తడితో చిక్కు బరువు. పది మిల్లీమీటర్ల లావు, లోపల 6.2 మిల్లీమీటర్ల రంధ్రం, 125 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గొట్టం లెక్క కడితే ఇత్తడిలో దాదాపు 50 గ్రాములు తూగుతుంది. అదే కొలత టైటానియంలో 27, అల్యూమినియంలో 16. మామూలు ప్లాస్టిక్ బాల్‌పెన్ పది గ్రాములు కూడా ఉండదు. సంతకాలకి యాభై గ్రాములు హుందాగానే ఉంటాయి గానీ మూడు గంటల పరీక్ష రాయమంటే వేళ్లు లాగేస్తాయి. వెనక భాగాన్ని పల్చగా చేసి బరువును ముక్కు వైపుకి తెస్తే చేతికి కాస్త నయం.

స్టెయిన్‌లెస్ స్టీలు మీద టూలు కోయకుండా రుద్దుకుందంటే ఆ చోటు ఇంకా గట్టిపడి రెండోసారి అసలే లొంగదు. టైటానియం వేడిని ఒంట్లోకి పోనివ్వదు, అదంతా టూలు మొన మీదే కూర్చుంటుంది. పైగా దాని సన్నటి రజను అంటుకోగలదు, అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొడి ఇసుకే దిక్కు. ఆ రెండూ చేయి తిరిగాక చూసుకోవచ్చు.

తొలవడం

కడ్డీని చక్‌లో (లేత్ పట్టుకు తిప్పే దవడల్లో) బిగించి మొహం చదును చేశాక సెంటర్ డ్రిల్లుతో చిన్న గుంట పెడతారు. ఈ గుంట మానేస్తే పెద్ద డ్రిల్లు మొన ఎక్కడో ఒకచోట జారి, తనకి నచ్చిన చోట మొదలుపెడుతుంది. ఆ తర్వాత 6.2 మిల్లీమీటర్ల డ్రిల్లును టెయిల్ స్టాక్‌లో (చక్‌కి ఎదురుగా ఉండే భాగంలో) పెట్టి 85 మిల్లీమీటర్ల లోతు దించాలి, అంటే డ్రిల్లు లావుకి దాదాపు పద్నాలుగు రెట్లు. మామూలు డ్రిల్లు తన లావుకి నాలుగైదు రెట్ల లోతు వరకే నిక్కచ్చిగా పోతుంది. అక్కణ్నుంచి దాని గాడుల్లో రజను బయటికి రాలేక గడ్డకడుతుంది. కాబట్టి కొద్దికొద్దిగా దించి, పూర్తిగా బయటికి లాగి, బ్రష్‌తో దులిపి మళ్లీ దించాలి. లోతు పెరిగేకొద్దీ ఒక్కో దింపు చిన్నదవుతుంది. విసుగు పుట్టించే పనే. ఇక్కడ తొందరపడితే డ్రిల్లు లోపలే విరుగుతుంది, విరిగిన డ్రిల్లుతో పాటు కడ్డీ కూడా పాత సామాన్లలోకి పోతుంది.

ఇత్తడికి ఇంకో బుద్ధి ఉంది. స్టీలు కోసం పదును పెట్టిన డ్రిల్లును ఇత్తడి లోపలికి లాగేసుకుంటుంది. అప్పటిదాకా మన చేతి ఒత్తిడితో దిగుతున్నది ఉన్నట్టుండి తనంతట తనే మర దిగినట్టు దిగి, జాబును చక్‌లోంచి తిప్పేస్తుంది, లేదా టెయిల్ స్టాక్‌లోంచి డ్రిల్లు ఊడొస్తుంది. దీనికి వర్క్‌షాపుల్లో చేసేది చిన్న పనే. డ్రిల్లు మొనలో కోసే రెండు పెదవుల మీదా సానరాయితో ఒక్కో వెంట్రుకవాసి చదును గీత తెస్తారు. పదును అంచు వాలు పోయి నిటారుగా నిలబడుతుంది, లాక్కోవడం మానేసి గీకుతుంది. పైన తిప్పే టూలు కూడా ఇత్తడికి అంతే, నెత్తి చదునుగా ఉండాలి.

ఇక అసలు తగువు వంకర. ఎంత జాగ్రత్తగా మొదలుపెట్టినా లోతుకి పోయేసరికి డ్రిల్లు ఒక పక్కకి నడుస్తుంది. రెండు పెదవుల్లో ఒకటి కాస్త పొడుగున్నా చాలు. అదృష్టవశాత్తూ లేత్ మీద డ్రిల్లు కదలకుండా ఉండి జాబు తిరుగుతుంది కాబట్టి, డ్రిల్లింగ్ మిషను కన్నా ఈ వంకర తక్కువ. తక్కువే గానీ సున్నా కాదు. పైన రెండు మిల్లీమీటర్ల గోడ ఉన్నంతసేపూ అర మిల్లీమీటరు వంకర ఎవరికీ తెలియదు. ముక్కు దగ్గర ఒళ్లు సన్నబడే చోట మాత్రం ఒక పక్క గోడ పల్చబడి, టూలు ఇంకొక్కసారి తగిలితే చిల్లు పడుతుంది. పైగా రీఫిల్ కొస పట్టే రెండున్నర మిల్లీమీటర్ల చిన్న రంధ్రాన్ని ముక్కు వైపు నుంచి వేసి ఉంటే, ఈ రెండు రంధ్రాలూ లోపల ఎదురెదురుగా కలవవు. రీఫిల్ కొస ఒక పక్కకి ఒరిగి బయటికి వస్తుంది.

ఆ చిన్న రంధ్రం కూడా తక్కువది కాదు. పన్నెండు మిల్లీమీటర్ల ఇత్తడిని హైస్పీడ్ స్టీలు టూలుతో నిమిషానికి 90 మీటర్ల వేగంతో కోయాలంటే చక్ నిమిషానికి సుమారు 2,400 చుట్లు తిరగాలి. అదే వేగం రెండున్నర మిల్లీమీటర్ల డ్రిల్లు అంచుకి రావాలంటే పదకొండు వేల చుట్లు కావాలి. 1,200 చుట్లు దాటని లేత్ మీద ఆ అంచు నిమిషానికి తొమ్మిది మీటర్లే నడుస్తుంది. కోత నెమ్మది, డ్రిల్లు పుల్ల లాంటిది, మన చేతికి దాని నొప్పి తెలియదు. అందుకే చిన్న డ్రిల్లుకి టెయిల్ స్టాక్ చక్రాన్ని పిడికిలితో కాక రెండు వేళ్లతోనే తిప్పమంటారు.

వంకరకి విరుగుడు పని వరసలోనే ఉంది. ముందు రంధ్రం, తర్వాతే బయటి ఆకారం. కడ్డీ లావుగా ఉన్నప్పుడే తొలిచేసి, ఆ తర్వాత రెండు చివర్ల రంధ్రాల్లోనూ సెంటర్లు (మొనదేలిన ఆధారాలు) పెట్టి వాటి ఆధారంగా పైభాగం తిప్పుతారు. అప్పుడు బయటి గుండ్రం రంధ్రాన్ని అనుసరిస్తుంది. కొత్తవాళ్లు దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు. ముద్దుగా పైన తిప్పి, మెరుగు పెట్టి, చివర్న తొలుస్తారు. పైన గంటసేపు పడ్డ శ్రమంతా చివరి పది నిమిషాల డ్రిల్లు దయాదాక్షిణ్యాల మీద ఆధారపడుతుంది.

పెన్నును మధ్యకి రెండు ముక్కలు చేస్తే లోతు సగమై డ్రిల్లింగ్ సులువవుతుంది నిజమే. కానీ నడుము దగ్గర ఒక థ్రెడ్డు జతపడుతుంది, ఇక దానితో వేగాలి.

అర మిల్లీమీటరు గోడ మీద మర

థ్రెడ్డు దగ్గర లెక్క వేసి చూస్తే గానీ సమస్య తెలియదు. పది మిల్లీమీటర్ల ఒంటికి వెనక మూత బిగించడానికి ఎనిమిది మిల్లీమీటర్ల మర అనుకుందాం. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం8 (ఎనిమిది మిల్లీమీటర్ల) బోల్టు పిచ్, అంటే మరలో ఒక గీతకీ పక్క గీతకీ మధ్య దూరం, 1.25 మిల్లీమీటర్లు. ఆ మర లోతు 0.77 మిల్లీమీటరు, రెండు వైపులా పోగా అడుగున మిగిలే లావు 6.47. లోపల రంధ్రం ఇప్పటికే 6.2. అంటే గోడ 0.13 మిల్లీమీటరు, జిరాక్సు కాగితం కన్నా కాస్త మందం. ఒకటికి రెండుసార్లు బిగిస్తే తెగి చేతికొస్తుంది. అదే ఎనిమిది మిల్లీమీటర్లకి 0.75 పిచ్ సన్న మర కోస్తే అడుగు లావు 7.08, గోడ 0.44. మూడు రెట్లకు పైగా మందం. పెన్నులకి సన్న మరలే ఎందుకు కోస్తారో ఈ కూడిక తీసివేతలు చెబుతాయి. అందం కోసమో గొప్ప కోసమో కాదు.

చిక్కేమిటంటే 0.75 పిచ్ ట్యాపూ డై (లోపలి మర, బయటి మర కోసే పనిముట్లు) ప్రతి షాపులోనూ ఉండవు. ఆర్డరిచ్చి తెప్పించుకోవాలి, లేదా గేర్లు మార్చి లేత్ మీదే ఒంటి మొన టూలుతో కోయాలి. రెండోది కష్టమైనా మేలు. చేత్తో తిప్పే డై కొద్దిగా ఒరిగి పట్టుకుంటే మర ఏటవాలుగా పడి, మూత ఒక పక్క ఆని ఇంకో పక్క సందు చూపిస్తుంది. లేత్ కోసిన మర ఒరగదు, ఒక్క షరతు మీద: పెద్ద రంధ్రం తొలిచాక చక్ విప్పకుండా అదే బిగింపులో థ్రెడ్డు కూడా కోసేయాలి. మూడు దవడల చక్‌లోంచి జాబు ఒకసారి బయటికి తీసి మళ్లీ పెడితే, ఎంత మంచి చక్ అయినా 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు దాకా పక్కకి పోతుంది. మామూలు జాబులకి అది లెక్క కాదు. 0.44 గోడకి లెక్కే. తప్పనిసరిగా తీయాల్సి వస్తే కోలెట్ (జాబును చుట్టూ సమంగా పట్టే బిగింపు) కావాలి, లేదా నాలుగు దవడల చక్‌లో డయల్ గేజ్ ముల్లు నిలిచేదాకా ఒక్కో దవడా సర్దుకోవాలి.

ఫౌంటెన్ పెన్ను క్యాపు దగ్గర ఇంకో లెక్క వస్తుంది. 0.8 పిచ్ మర ఐదు మిల్లీమీటర్ల పొడవు కోస్తే క్యాపు ఊడటానికి ఆరు చుట్లు తిప్పాలి, ఈలోగా రాయాల్సిన మాట మర్చిపోతాం. అందుకని ఒకదాని పక్కన ఒకటిగా మూడు మరలు అల్లుతారు. మర లోతు అదే, గోడా అదే, ఒక చుట్టుకి నడిచే దూరం మాత్రం 2.4 మిల్లీమీటర్లు. రెండు చుట్లకి క్యాపు చేతికొస్తుంది. ఒక మర కోశాక టూలును సరిగ్గా ఒక పిచ్ ముందుకు జరిపి రెండోది, మళ్లీ జరిపి మూడోది. చెప్పినంత తేలిక కాదు, కానీ అర్థమయ్యాక మంత్రమూ కాదు.

స్టీలు మీద స్టీలు, టైటానియం మీద టైటానియం మరలు రాసుకుంటే కొన్నిసార్లు పట్టేసి ఇక విడిపోవు. ఒక వైపు ఇత్తడి ఉంటే ఈ బాధ తగ్గుతుంది.

పైపని

ఇప్పుడు గానీ బయటి ఆకారానికి రాం. ఇక్కడ ఎదురయ్యేది కడ్డీ వంగడం. ఒక్క చివరే పట్టుకుని తిప్పితే, బయటికి వచ్చిన పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు, లావు సగమైతే పదహారు రెట్లు. అందుకే రెండో చివర రివాల్వింగ్ సెంటర్ తప్పదు. అది పెట్టినా నడుము భాగం టూలుకి దొరక్కుండా కొంచెం తప్పుకుంటుంది, కొలిస్తే మధ్యలో లావు మిగులుతుంది. పదునైన టూలుతో పల్చటి కోతలు రెండు మూడు పెడితే అది పోతుంది. మొద్దు టూలుతో నొక్కితే ఒళ్లంతా చాటర్ గీతలు (టూలు అదరడం వల్ల పడేవి) పడి ఎమిరీ కాగితానికి కూడా లొంగదు.

నాకు ఈ పనంతటిలో బాగా నచ్చే ఉపాయం ఒకటుంది. ఒంటినీ మూతనూ విడివిడిగా సైజుకి తేరు. రెంటినీ కాస్త లావుగానే ఉంచి, మరతో బిగించి, ఒకే జాబులా సెంటర్ల మధ్య పెట్టి ఆఖరి కోత రెంటి మీదుగా ఒకేసారి లాగుతారు. జాయింటు గీత వెతికినా కనబడదు. దీనికి మూల్యం ఏమిటంటే ఆ మూత ఆ ఒంటికే పడుతుంది. పక్క పెన్నుకి పెడితే గోరుకి మెట్టు తగులుతుంది. సిఎన్‌సి (కంప్యూటర్ నడిపే లేత్) మీద వెయ్యి చేస్తే ఏ మూతైనా ఏ ఒంటికైనా పట్టాలి, చేతి పనిలో ప్రతి జతా దేనికదే. నాలుగైదు పెన్నులు ఒకేసారి చేసేవాళ్లు లోపలి వైపు నంబరు కొట్టుకుంటారు.

ఎమిరీ పట్టేటప్పుడు దాన్ని వేలికి చుట్టుకోకూడదు, గ్లవుజులు వేసుకోకూడదు. ఉంగరం, పొడుగు చేతులు, చున్నీ, మెడలో ట్యాగు ఏదైనా సరే చక్ పట్టుకుంటే వదలదు. ఇత్తడి రజను సూదుల్లా ఎగురుతుంది కాబట్టి కళ్లద్దాలు ఉండాల్సిందే.

మెరుగు మీద వార్నిష్ కొట్టకపోతే నెలలోపే ఇత్తడి మసకబారుతుంది. కొందరికి ఆ రంగే ఇష్టం. ఇష్టం లేనివాళ్లకి చింతపండు ఉండనే ఉంది, దాని పులుపు పైన పట్టిన పొరను కరిగిస్తుంది. థ్రెడ్డులోకి పోనివ్వకూడదు, పోతే నీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

చేతికి వచ్చిన పెన్ను ఎలా కుదిరిందో చూడాలంటే రీఫిల్ తీసేసి, క్లిప్పు లేని పెన్నైతే, గాజు బల్ల మీద మెల్లగా దొర్లించండి. ప్రతిసారీ ఒకే పక్క కిందికి వచ్చి ఆగితే ఆ పక్క గోడ మందం, రంధ్రం అటు నుంచి తప్పుకుంది. వెనక నుంచి దీపం వైపు పెట్టి చూస్తే ముక్కు రంధ్రం నడిమధ్యన వెలుగు చుక్కలా కనబడాలి. రీఫిల్ పెట్టి చెవి దగ్గర ఊపితే చప్పుడు రాకూడదు. వస్తే ముక్కు రంధ్రం పెద్దదైనా అయ్యుండాలి, వెనక మూత రీఫిల్‌ను చాలినంత నొక్కకపోయినా ఉండాలి. రెండోదైతే వెనక చిన్న స్ప్రింగు ముక్క వేస్తే సరిపోతుంది. మొదటిదానికి ముక్కు మళ్లీ చేయాల్సిందే. చేయించుకునేవాళ్లు టర్నర్‌కి బొమ్మ గీసిన కాగితంతో పాటు రెండు వేర్వేరు కంపెనీల రీఫిళ్లు కూడా ఇచ్చి, ముక్కు లావున్నదానికి రంధ్రం పెట్టమనండి.